ఆకుపచ్చ టిక్కులు

నవంబరు 3, సోమవారం

ముందుగా ఒక సవరణ. నేను బాత్‌రూంలో పడలేదు. కూర్చున్నాను. కూర్చోవాలన్న ఉద్దేశం లేకుండా, కాస్త వేగంగా కూర్చున్నాను, అంతే. నిన్న భోజనాల దగ్గర నువ్వు ఫోన్లో మీ చెల్లెలితో "అమ్మ పడిపోయింది" అని చెబుతుంటే నోట్లో ముద్ద ఉండి ఊరుకున్నాను. ముద్ద మింగేసరికి నువ్వు ఫోను పెట్టేశావు.

రెండో సవరణ. "ఏమీ తోచడం లేదన్నావుగా అమ్మా, ఇందులో రాసుకో" అంటూ ఈ డైరీ తెచ్చి నా ఒళ్ళో పెట్టావు. తోచడం లేదని నేనెప్పుడూ అనలేదు. స్టూలు ఎక్కొద్దన్నావు, మేడమెట్లు ఎక్కొద్దన్నావు, ఒక్కదాన్నీ బజారుకు వెళ్ళొద్దన్నావు. "మరి ఇంకేం చెయ్యను?" అని అడిగాను. అది ప్రశ్న. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చరిత్ర పేపర్లు దిద్దినదాన్ని, ప్రశ్నకీ ఫిర్యాదుకీ తేడా నాకు తెలుసు.

నవంబరులో డైరీ బహూకరించిన మొదటి మనిషివి నువ్వే అయ్యుంటావు. మీ ఫ్యాక్టరీలో పంచగా మిగిలిందట. ప్రతి పేజీ అడుగునా ఒక నీతివాక్యం అచ్చేశారు. ఈ పేజీది, 'భద్రత మీతోనే మొదలు'. సరే, మొదలుపెట్టాను.

ఇది నీకు చూపించను. కాబట్టి హాయిగా 'నువ్వు' అని రాసుకుంటాను. నీతో పూర్తిగా వాదించాలంటే ఇక్కడే కుదురుతుంది. మధ్యలో నీ ఫోను మోగదు.

నవంబరు 4, మంగళవారం

రేకు డబ్బాలకి మూతలు చేసే ఫ్యాక్టరీలో అంతమంది చేతులూ కాళ్ళూ కాపాడే ఉద్యోగం నీది. అది చాలక సాయంత్రాలు తల్లిని కాపాడడం మొదలుపెట్టావు.

నిన్న ఇల్లంతా తనిఖీ చేశావు. చేతిలో టేపు, చెవి మీద పెన్సిలు. నీ వెనకాల నీ భార్య, ఆవిడ వెనకాల నేను. గడపలకి పసుపూ నలుపూ చారల పట్టీ అంటించావు. ఇప్పుడు నా గదిలోకి వెళ్ళాలంటే రైలు గేటు దాటుతున్నట్టుంది. గ్యాసు పొయ్యికి మీ ఫిట్టరు చేత చేయించిన కొత్త గుబ్బ పెట్టావు. తిప్పి వదిలితే అదే మెల్లగా వెనక్కి తిరిగి గ్యాసు ఆపేస్తుంది. నేను మర్చిపోయినా అది మర్చిపోదట. బాత్‌రూం గోడకి పట్టుకునే కడ్డీ ఒకటి బిగిస్తానన్నావు. పడనివాళ్ళకి కడ్డీ ఎందుకు? వద్దన్నాను.

ఆ తరవాత ఫ్రిజ్ తలుపు మీద ఒక కాయితం అంటించావు. రోజుకో గడి. "నెలాఖరు దాకా ఒక్క ఘటన కూడా జరగకపోతే వంటిల్లు నీదే అమ్మా. జరిగితే మాత్రం వంటమనిషిని పెడదాం, నువ్వు కాదనకూడదు" అన్నావు. ఘటనట. ఇంట్లో గిన్నె జారితే దొర్లింది అంటాం, ఘటన అనం. నీ భార్య నేలచూపులు చూసింది. ఆవిడ పొద్దున్నే పళ్ళ డాక్టరు దగ్గర డ్యూటీకి వెళ్ళిపోతుంది. నువ్వూ వెళ్ళిపోతావు. అప్పుడు ఈ ఇంట్లో పని ఉన్న మనిషిగా నేను నిలబడేది ఆ ఒక్క గదిలోనే. దాన్ని పందెంలో పెట్టావు.

ఈ ఎత్తు ఎక్కడిదో నాకు తెలుసు. మీ గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు' అని పెద్ద బోర్డు ఉంది. రోజూ పొద్దున్న నీ చేత్తో అంకె మారుస్తావు. డిసెంబరు మధ్యలో ఏడాది నిండుతుంది. నిండితే పనివాళ్ళకి మనిషికో ఇస్త్రీపెట్టె, నీకు పెద్దాఫీసులో కుర్చీ. ప్రమాదాలు జరగనందుకు బహుమానంగా కాలే వస్తువును ఎంచిన మేధావి ఎవరో ఒకసారి చూడాలని ఉంది.

సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పుతూనే "ఇవాళ ఏమైనా?" అన్నావు. "ఏం లేదు" అన్నాను. ఆకుపచ్చ పెన్నుతో టిక్కు పెట్టావు. టిక్కు పెట్టేటప్పుడు నీ మొహం చిన్నప్పుడు నీ బొమ్మకి నేను బాగుందని రాసినప్పటిలా వెలిగింది.

నవంబరు 6, గురువారం

ఆ గుబ్బ నా ప్రాణం తీస్తోంది. పాలు సగం కాగేసరికి ఆరిపోతుంది. కూర మూతపెట్టి అటు తిరిగి కత్తిపీట కడిగేలోపు ఆరిపోతుంది. రోజంతా దాని ముందు నిలబడి తిప్పుతూ ఉండాలి. అది నన్ను కనిపెట్టుకుని ఉంటుందన్నావు. ఇప్పుడు నేనే దాన్ని కనిపెట్టుకుని ఉన్నాను.

బట్టల క్లిప్పు ఒకటి పెడితే వెనక్కి తిరగడం లేదు. గట్టిగా పట్టుకుంటోంది. నువ్వు వచ్చేలోపు తీసేస్తాను. ఇది మోసం కాదు, సర్దుబాటు.

టిక్కు.

నవంబరు 8, శనివారం

పాలగిన్నె నల్లబడింది. పెరట్లో పాత గోనెసంచి కింద పెట్టాను. తీరిగ్గా తోమొచ్చు. చెయ్యి బాగానే ఉంది.

ఇవాళ్టి నుంచి చలి మొదలైంది. పొడుగు చేతుల స్వెట్టరు బయటికి తీశాను.

టిక్కు.

నవంబరు 10, సోమవారం

"చలేమీ లేదు కదా అత్తయ్యా?" అంది కోడలు. వయసొస్తే నీకే తెలుస్తుందన్నాను. చెయ్యి బాగానే ఉంది.

నవంబరు 12, బుధవారం

చెయ్యి అంత బాగాలేదు. నీళ్ళబొబ్బ చితికింది.

మన వీధి డాక్టరు కోడలికి తెలిసినవాడు. అందుకని బస్సెక్కి, వంతెన దాటి, నా మొహం ఎరగని క్లినిక్కుకి వెళ్ళాను. ఒంటరిగా బజారుకు వెళ్ళొద్దన్నావు. క్లినిక్కు ఊసు ఎత్తలేదు.

బల్ల మీద నా పక్కన నలభై దాటిన మనిషి. కుడిచేతికి జేబురుమాలు చుట్టుకుని, పళ్ళసందున సన్నగా ఈల వేస్తున్నాడు. పాట కాదు, నొప్పిని మరిపించుకునే ఈల. ఆ ఈలాయన నేను అడగకుండానే "తలుపు పడిందండీ" అన్నాడు. "మీకో, అమ్మగారూ?"

"నాకూ తలుపే" అన్నాను.

నాది కాలిన గాయమని గుడ్డివాడికైనా తెలుస్తుంది. అతను మర్యాదస్తుడు. నా చేతివంక ఒకసారి చూసి, "ఈమధ్య తలుపులు బాగా వేడెక్కుతున్నాయండీ" అన్నాడు.

చాలా రోజుల తరవాత నవ్వాను. నవ్వి, దాహమేసి, సంచిలోంచి నీళ్ళసీసా తీశాను. ఈల ఆగిపోయింది. మీ ఫ్యాక్టరీ ముద్ర ఉన్న సీసా. ఏడాది మొదట్లో మీరు అందరికీ పంచినది. అతని సంచిలోనూ అలాంటిదే ఉంది. "మీరు..." అన్నాడు. "సేఫ్టీ సారు వాళ్ళ అమ్మని" అన్నాను. లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాను. నేను ఇతన్ని చూశానని నీకు చెబితే, ఎక్కడ చూశావని నువ్వు అడుగుతావు. ఆ సంగతి అతనికి విడమరిచి చెప్పాక కూర్చున్నాడు. ఇద్దరం ఒక్కరికే దొరక్కుండా దాక్కున్నామని తేలింది. నీకే.

రుమాలు విప్పితే రెండు వేళ్ళ చివరలు నలిగి నల్లగా ఉన్నాయి. ఒకదానికి గోరు లేదు. మెల్లగా చెప్పుకొచ్చాడు. అతను పని చేసేది ప్రెస్సు మీద. రేకును ఒక్క దెబ్బతో మూతగా గుద్దే యంత్రం. రెండు చేతులతో రెండు బొత్తాలు నొక్కితేనే దిగుతుంది. చేతులు రెండూ బొత్తాల మీద ఉంటే కింద నలగవు కదా అని అలా చేశారట. మీవాళ్ళు ఒక బొత్తాన్ని మడిచిన రేకుముక్కతో నొక్కిపెట్టి, ఖాళీ అయిన చేత్తో రేకు సర్దుతారట. లేకపోతే పని తెమలదట.

అది విన్నప్పుడు నాకెందుకో బట్టల క్లిప్పు గుర్తొచ్చింది. రెండింటికీ ఏం సంబంధం లేదు.

"అసలు సంగతి అది కాదండీ. ఈమధ్య అది దిగి లేచాక మళ్ళీ దిగుతోంది. మనం నొక్కకుండానే. రోజూ కాదు, ఎప్పుడో ఒకసారి" అన్నాడు. మీ మేస్త్రీకి చెప్పాడట. ఇస్త్రీపెట్టెలు చేతికొచ్చాక చూద్దాం, అప్పటిదాకా ఎవరి చేతులు వాళ్ళు చూసుకోండి అన్నాడట మేస్త్రీ. ఇప్పుడు ఇతను నోరు విప్పితే బోర్డు సున్నాకి వస్తుంది, షెడ్డులో అందరూ ఇతన్నే ఆడిపోసుకుంటారు. అందుకని తలుపు పడింది.

నర్సు ఇద్దరికీ ఒకే రకం కట్టు కట్టింది. బయటికొచ్చి చెరో బస్సూ ఎక్కాం.

సాయంత్రం నువ్వు "ఇవాళ ఏమైనా?" అన్నావు.

నవంబరు 13, గురువారం

చెప్పాలి. నా చెయ్యి సంగతి కాదు, ప్రెస్సు సంగతి. చెప్పాలంటే ఎక్కడ విన్నానో చెప్పాలి. ఎక్కడ విన్నానో చెబితే అక్కడికెందుకు వెళ్ళానో చెప్పాలి. రేపు చెబుతాను.

నవంబరు 14, శుక్రవారం

నీకు తలనొప్పిగా ఉందన్నావు. తలనొప్పితో ఉన్నవాడికి ఏం చెబుతాం. రేపు.

నవంబరు 15, శనివారం

ఇవాళ హుషారుగా ఉన్నావు. పెద్దాఫీసు నుంచి ఎవరో వచ్చి బోర్డు ముందు నీతో ఫొటో దిగారట. హుషారుగా ఉన్నవాడికి మాత్రం ఎలా చెబుతాం.

టిక్కు.

నవంబరు 17, సోమవారం

ఏ గదిలోనూ నిలవబుద్ధి కావడం లేదు. పుస్తకాల అర మొత్తం దింపాను, దులిపాను, మళ్ళీ ఎక్కించాను. దింపినవి ఎక్కించడానికి స్టూలు కావలసి వచ్చింది. స్టూలు సంగతి ఎవరూ అడగలేదు.

చెడ్డవార్త తెచ్చినవాడి తల తీయించిన రాజుల గురించి ఏటేటా పాఠం చెప్పేదాన్ని. ఇస్త్రీపెట్టె ఆశపెట్టి నోరు మూయించడం అప్పటివాళ్ళకి తట్టలేదు. చవక, పైగా నెత్తురు కనబడదు.

నవంబరు 19, బుధవారం

కట్టు మార్పించుకోవడానికి వెళ్ళాను. ఈలాయన ముందే వచ్చి ఉన్నాడు. నాకు చోటు పట్టి ఉంచాడు. వేళ్ళు మడత పడడం లేదట. మేస్త్రీ అతన్ని డబ్బాలు సర్దే పనికి మార్చాడు.

మరి ప్రెస్సు మీద ఎవరని అడిగాను. కొత్తగా చేరిన అమ్మాయట. చాలా చురుకట. ఇతని కంటే ఎక్కువ మూతలు కొడుతోందట. ఆ మాట కాస్త గర్వంగానే చెప్పాడు, పని నేర్పింది తనే కాబట్టి.

"రెండోసారి దిగుతుందని చెప్పావా?"

"చెప్పానండీ. జాగ్రత్తగా ఉంటానంది."

ఈల వెయ్యడం మొదలుపెట్టాడు. చూసి చూసి నేనే ఆపమన్నాను.

నవంబరు 20, గురువారం

ఇవాళ ప్రయత్నించాను. నువ్వు అన్నం తింటుండగా, మీ యంత్రాలన్నీ బాగా పనిచేస్తున్నాయా అని అడిగాను. కరెంటు బిల్లు గురించి అడిగినట్టు అడిగాను. నువ్వు నవ్వావు. "ఎవరూ ఏమీ చెప్పలేదమ్మా. ఏడాది పొడుగునా ఒక్క ఫిర్యాదు లేదు" అన్నావు.

ఒక్క ఫిర్యాదు లేకపోవడం నీకు మంచివార్త. క్లాసులో ఎవరూ చెయ్యెత్తకపోతే పాఠం అందరికీ అర్థమైందనుకునే కుర్ర మాస్టార్లను చాలామందిని చూశాను. నా కడుపున ఒకడు పుడతాడనుకోలేదు.

నోటిదాకా వచ్చింది. నువ్వు చెయ్యి కడుక్కుని ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళావు.

టిక్కు. ఈ పేజీ అడుగున, 'చూసినది చెప్పండి'.

నవంబరు 22, శనివారం

మీ ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఊరికే, గాలి మారుతుందని. లోపలికి కాదు. గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. బోర్డు నిజంగానే పెద్దది. తెల్ల అంకెలు, చుట్టూ ఆకుపచ్చ అంచు. అక్కడికి కనబడేంత పెద్ద అబద్ధం కూడా అంత శుభ్రంగా రాయొచ్చన్నమాట.

డ్యూటీ దిగి జనం బయటికి వచ్చారు. నేను మొహాలు చూడలేదు, చేతులు చూశాను. ఒకడి చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. ఒకావిడ సంచిని వేళ్ళతో కాకుండా మణికట్టుకి తగిలించుకుంది. ఎండలో ఇద్దరు చేతితొడుగులు తీయకుండానే నడిచిపోయారు. నా స్వెట్టరుకి చుట్టాలు అంతమంది ఉన్నారు.

చివర్లో ఒక అమ్మాయి వచ్చింది. టీ కొట్టువాడు "ఏంటి ప్రెస్సు రాణీ, ఇవాళా నీదే ఎక్కువా?" అని పలకరించాడు. "ఇంకెవరిది?" అంది. చేతులు రెండూ ఊపుకుంటూ నడుస్తోంది. వేళ్ళన్నీ ఉన్నాయి.

ఆమె ఎక్కే బస్సే నాదీ. మెట్టు ఎత్తుగా ఉంది. నా కాలు అందుకోలేదు, వెనక్కి తూలాను. ఆ పిల్ల చటుక్కున పట్టుకుంది. సరిగ్గా కట్టు ఉన్నచోట, స్వెట్టరు మీదుగా, ఐదు వేళ్ళూ బిగించి. కళ్ళలో చుక్కలు కనబడ్డాయి. వదిలితే పడతానని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నొప్పెట్టిందా, అమ్మమ్మా?"

"ఏం లేదు" అన్నాను.

ఆ మాట ఎంత సాఫీగా వచ్చిందో. సీటు చూపించి, నా సంచి ఒళ్ళో పెట్టి, తను నిలబడే వచ్చింది. బస్సు ఊగినప్పుడల్లా పైన కడ్డీ పట్టుకున్న ఆ వేళ్ళ వంకే చూశాను. నన్ను పడకుండా ఆపిన వేళ్ళు. సోమవారం పొద్దున్న మళ్ళీ ప్రెస్సు కిందికి వెళ్ళే వేళ్ళు.

దిగేటప్పుడు చెప్పాను, ఆ యంత్రం దగ్గర జాగ్రత్తమ్మా అని. నాకెలా తెలుసని అడగలేదు. పెద్దవాళ్ళు అలాగే అంటారనుకుంది. "జాగ్రత్తగానే ఉంటాను అమ్మమ్మా" అంది.

టిక్కు.

నవంబరు 25, మంగళవారం

నెలాఖరు వచ్చేస్తోంది. ఇన్నాళ్ళు ఆగినదాన్ని, ఈ మిగిలిన గడులూ నిండితే వంటిల్లు దక్కుతుంది. అప్పుడు నెమ్మదిగా చెప్పొచ్చు.

ఇది రాసి, చదువుకున్నాను. మీ మేస్త్రీ మాటలే. ఇస్త్రీపెట్టెలు చేతికొచ్చాక చూద్దాం.

నవంబరు 26, బుధవారం

చెప్పలేదు.

నవంబరు 28, శుక్రవారం

వీధిలో అంబులెన్సు వెళితే చేతిలో గ్లాసు వదిలేశాను. మీ ఫ్యాక్టరీ వైపు వెళ్ళలేదు. గాజుముక్కలు ఎత్తి, కాయితంలో చుట్టి, పక్కవాళ్ళ చెత్తబుట్టలో వేశాను. ఈ వయసులో పక్కింటి చెత్తబుట్ట దొంగచాటుగా తెరిచాను.

టిక్కు.

నవంబరు 30, ఆదివారం

బేకరీ నుంచి కేకు తెచ్చావు. పైన ఆకుపచ్చ క్రీముతో టిక్కు వేయించావు. అది చేసినవాడు ఏమనుకున్నాడో. ఫ్రిజ్ ముందు నిలబడి, పెన్ను మూత తీసి, "చూడమ్మా, నెలంతా ఎంత పచ్చగా ఉందో. ఒక్క ఘటన లేదు. మనుషులు తలుచుకుంటే జరగవని నేను మావాళ్ళకి చెప్పేది ఇదే" అన్నావు.

గెలిచాను. ఇంకొక్క గీత గీస్తే వంటిల్లు నాది.

స్వెట్టరు చెయ్యి పైకి లాగాను. కట్టు విప్పాను. ఉన్ని పోగులు అంటుకుపోయి కాస్త ఆలస్యమైంది. నువ్వు పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డావు.

"ఇదెప్పటిది?" అన్నావు.

"మొదటి వరస టిక్కుల నాటిది. నీ గుబ్బకి బట్టల క్లిప్పు పెట్టాను. పాలగిన్నె మాడి, గుడ్డ అంటుకుంది."

"రోజూ అడిగాను కదమ్మా. రోజూ ఏం లేదన్నావు."

"నువ్వు అడిగింది ఏమైందని కాదు నాయనా. టిక్కు పెట్టుకోవచ్చా అని."

నీ మొహం చూడలేక కేకు వంక చూశాను. అప్పుడు నీ భార్య గొంతు సవరించుకుని, "గోనె కింద గిన్నె నేను చూశాను. అత్తయ్యే చెబుతారని ఊరుకున్నా" అంది. నువ్వు ఆవిడ వంక తిరిగావు. ముగ్గురే ఉన్న ఇంట్లో సేఫ్టీ మేనేజరుకి తెలియని సంగతి మిగతా ఇద్దరికీ తెలుసు.

మొదలుపెట్టాను కాబట్టి ఆపలేదు. రేపు ఫ్యాక్టరీకి వెళ్ళి, బోర్డు మీద అంకె మార్చే ముందు మీవాళ్ళ చేతులు చూడమన్నాను. ప్రెస్సు బొత్తాలు చూడమన్నాను. అది పిలవకుండా రెండోసారి దిగుతుందేమో దాని పక్కన నిలబడి చూడమన్నాను. నీకెవరు చెప్పారన్నావు.

"ఆ పేరు అడిగావంటే ఇక జన్మలో నీకెవరూ ఏదీ చెప్పరు" అన్నాను.

నువ్వు పెన్ను మూత పెట్టావు. ఆఖరి గడి ఖాళీగా ఉంది. కేకు ఎవరూ కొయ్యలేదు.

డిసెంబరు 1, సోమవారం

చీకటి విడకముందే వెళ్ళిపోయావు. భోజనం డబ్బా తీసుకెళ్ళలేదు. ఆ పిల్ల డ్యూటీ ఎక్కకముందే చేరావో లేదో తెలియదు. పొయ్యి వెలిగించాను, ఆర్పాను. పుస్తకాల అర దింపాను. ఎక్కించలేదు.

డిసెంబరు 2, మంగళవారం

నిన్న నువ్వు వచ్చేసరికి కూర చల్లారిపోయింది. చల్లారిందే తింటూ చెప్పావు.

అందరికంటే ముందు వెళ్ళి, గేటు దగ్గర అంకె మార్చకుండా, నేరుగా ప్రెస్సు దగ్గరికి వెళ్ళావట. బొత్తంలో ఇరికించిన రేకుముక్క నీ చేత్తోనే లాగావట. ఫిట్టరును పిలిచి, రేకు బదులు కర్ర పెట్టి ఆడించమన్నావట. ఎన్నిసార్లు ఆడించినా బుద్ధిగా ఒక్కసారే దిగి లేచిందట. మేస్త్రీ మీసాల్లో నవ్వుకున్నాడట. కొత్తమ్మాయి వచ్చి, తన చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని పక్కన నిలబడిందట. ఇక చాలనుకుని ఫిట్టరు చేతులు దులుపుకుని అవతలికి జరిగాడట. బొత్తాల మీద ఎవరి చేతులూ లేవు. అప్పుడు దిగిందట.

కర్ర విరిగిన చప్పుడుకి షెడ్డంతా ఆగిపోయిందన్నావు. ఆ పిల్ల విరిగిన కర్ర వంకా తన చేతుల వంకా చూసుకుని బయటికి వెళ్ళి కూర్చుందట. నువ్వు అన్నం కలుపుతూ ఆగిపోయావు. నీ చేతివేళ్ళు కూడా అప్పుడే చూసుకున్నావు.

టీ వేళకి అందర్నీ పిలిచి, ఎవరినీ ఏమీ అడగకుండా, "మా అమ్మ నెలంతా నా దగ్గర కాలిన చెయ్యి దాచింది. ఎందుకో నిన్న చెప్పింది" అన్నావట. ఊరందరి ముందూ నా పరువు తీశావు. నన్ను అడిగి చెప్పాల్సింది. అడిగితే ఒప్పుకునేదాన్ని కాదనుకో.

ముందుగా ఒకావిడ చేతితొడుగు తీసి బల్ల మీద పెట్టిందట. ఆ తరవాత ఇంకొకడు. ఆఖర్న డబ్బాలు సర్దే ఆయన రెండు వేళ్ళు చూపించాడట, పళ్ళసందున ఈల వేసుకుంటూ. అతనెవరో నాకు తెలియదన్నట్టు మొహం పెట్టాను. నువ్వు నమ్మలేదు. అడగనూ లేదు. నేర్చుకుంటున్నావు.

బోర్డు మీద సున్నా పెట్టావు.

డిసెంబరు 4, గురువారం

పెద్దాఫీసు కుర్చీ లేదని ఇవాళ తేల్చి చెప్పారట. ఇస్త్రీపెట్టెలూ లేవు. పొద్దున్న నీ నమస్కారానికి సగంమంది బదులు చెప్పలేదట. ఎవరో నీ బల్ల మీద ఇస్త్రీపెట్టె తీగ ఒక్కటీ, పెట్టె లేకుండా, చుట్టి పెట్టారట. నాకు నవ్వొచ్చింది. నీకు రాలేదు. తరవాత వచ్చింది.

నవ్వుతూనే చెప్పావు, ముగ్గురు మనుషులు నీ గదికి వచ్చారట. నిచ్చెన ఊగుతోందని ఒకరు, కాలవ పక్కన నేల జారుతోందని ఒకరు, మూడో ఆవిడ చెప్పడం మొదలుపెట్టి ఆపలేదట. "ఒక్కరోజులో ఇన్నా!" అని తల పట్టుకున్నావు. ఏడాది సరుకు నాయనా, గోదాం తలుపు ఇప్పుడే తీశావు.

క్లినిక్కులో ఈలాయన కనబడ్డాడు. మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళావిడ ఇస్త్రీపెట్టె కోసం అరలో చోటు కూడా ఖాళీ చేసిందట. ఇప్పుడు ఆ చోటు చూపించి రోజూ ఇతన్నే సాధిస్తోందట. నేను పేరు చెప్పలేదని ఒట్టు వేశాను. "తెలుసండీ. చెబితే ఉన్న గోళ్ళు కూడా మిగిలేవి కావు" అన్నాడు. ప్రెస్సు భాగాలు విప్పి గుడ్డ మీద పరిచారట, లోపల స్ప్రింగు ఒకటి అరిగిపోయి దొరికిందట. ఆ పిల్లను తన పక్కనే డబ్బాల దగ్గరికి వేశారట. అక్కడా తనకంటే గబగబా సర్దుతోందని విసుక్కున్నాడు. ఆ విసుగు నా చెవులకి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

డిసెంబరు 5, శుక్రవారం

ఫ్రిజ్ మీద కాయితం తీసేశావు. అంటించిన చోట నలుచదరంగా జిగురు మిగిలింది. వంటమనిషి మాట నువ్వు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. గుబ్బ నాకు నచ్చేంత నెమ్మదిగా తిరిగేలా మార్చమని ఫిట్టరుకి ఇచ్చావట. అది వచ్చేదాకా పొద్దున పొయ్యి దగ్గర కోడలుంటుంది, సాయంత్రం నేనుంటాను. ఆవిడకి ఉప్పు అంచనా లేదు. ఇది ఘటన కిందికి రాదు కాబట్టి ఓర్చుకుంటున్నాను.

రాత్రి చెప్పులు విప్పుతూ అలవాటు చొప్పున "ఇవాళ" అని ఆగిపోయావు. రెండో చెప్పు కూడా విప్పి, "ఇంట్లో నీకెక్కడ కష్టంగా ఉందమ్మా?" అన్నావు.

"ఎక్కడా లేదు" అన్నాను.

చూశావా, ఎంత సాఫీగా వస్తుందో.

డిసెంబరు 6, శనివారం

ఈ ఒక్క పేజీ చింపి నీ భోజనం డబ్బా సంచిలో పెడుతున్నాను. మిగతాది నీది కాదు, వెతక్కు.

అబ్బాయ్, ఒక సవరణ. ఆ రోజు బాత్‌రూంలో నేను కూర్చోలేదు. పడ్డాను. అంతకుముందు కూడా ఒకసారి పడ్డాను, మీరెవరూ లేనప్పుడు. లేవడానికి చాలాసేపు పట్టింది.

వచ్చేటప్పుడు ఆ గోడకి బిగించే కడ్డీ తీసుకురా. స్టీలుదే, నునుపుది వద్దు, తడిచేత్తో పట్టు చిక్కేది. నీ భుజం ఎత్తున బిగించకు, అంత ఎత్తున నాకు అందదు. బాత్‌రూం కర్టెను అంచుకి బట్టల క్లిప్పు ఒకటి పెట్టి ఉంచాను. పడ్డప్పుడు రెండుసార్లూ నా చెయ్యి వెతుక్కుంటూ వెళ్ళింది అక్కడికే. సరిగ్గా ఆ ఎత్తున గోడ మీద గుర్తు పెట్టుకుని మరలు బిగించు. బిగించేదాకా క్లిప్పు తీయకు.